చీముపై యుద్ధం చేసిన మహనీయుడు జోసెఫ్ లిస్టర్

మన హాస్టలు వార్షికోత్సవ సంచికలో ప్రతి ఏడూ ఒక మహనీయుని జీవిత చరిత్ర వేయడం ఆనవాయితీ. అంబేద్కర్ గారి గురించి, ఫూలే దంపతుల గురించి మన అన్నయ్యలు ఇంతకు ముందే చక్కగా రాశారు. ఈసారి ఆ అవకాశం మా గదికి వచ్చింది. మేము ఇంగ్లండుకు చెందిన ఒక ఆపరేషన్ల డాక్టరు గారిని ఎంచుకున్నాము. మీలో చాలామంది ఆయన పేరు విని ఉండరు. మేమూ మొన్నటి దాకా వినలేదు. ఎలా విన్నామో ముందు చెబుతాము.

గత వర్షాకాలంలో మా గదిలోని ఏడవ తరగతి తమ్ముడికి మోకాలి కింద సెగ్గడ్డ లేచింది. హాస్టలులో ఇది వింతేమీ కాదు. గజ్జి, తామర, సెగ్గడ్డలు వానాకాలంలో మనకు చుట్టాల్లాంటివి. వాడు కుంటుతూ బడికి పోలేక ఏడుస్తుంటే మేము పెద్ద డాక్టర్లమైపోయాము. మాలో ఒకరు చొక్కాకు ఉన్న పిన్నీసు తీసి గడ్డను పొడిచారు. ఇద్దరు కాళ్లు పట్టుకున్నారు, ఒకరు నోరు మూశారు. బొటనవేళ్లతో నొక్కి, వచ్చినంత చీము తీసి, ఎవరిదో తువ్వాలుతో తుడిచాము. చేతులు మాత్రం తరువాతే కడుక్కున్నాము, అదీ వాసన వస్తున్నదని.

మూడో రోజుకు వాడి పిక్క మొత్తం ఎర్రగా వాచి నిప్పులా కాలిపోతున్నది. చలిజ్వరం, వాంతులు. పిలిస్తే సరిగా పలకలేదు. వార్డెను గారు అప్పటికప్పుడు ఆటో పిలిపించి పెద్దాసుపత్రికి తీసుకుపోయారు. అక్కడ మత్తు ఇచ్చి గడ్డను కోసి లోపలి చీమంతా తీశారు. చేతికి సూది గుచ్చి సెలైను ఎక్కించారు. రాత్రి తోడు ఉన్న మాకు ఆ సీసాలో చుక్కలు లెక్కపెట్టడం తప్ప వేరే పని లేదు. ఒక సంగతి మాత్రం గమనించాము. డాక్టరమ్మ గారు మా వాడి దగ్గరికి వచ్చే ముందు చేతులు కడుక్కునేవారు. కట్టు మార్చాక కడుక్కునేవారు. పక్క మంచం దగ్గరికి పోయే ముందు మళ్లీ కడుక్కునేవారు. ఇన్నిసార్లు ఎందుకమ్మా అని అడిగితే, లిస్టర్ అనే డాక్టరు గురించి చదవండి అన్నారు. చదివినది మాకు తోచిన రీతిలో ఇక్కడ రాస్తున్నాము.

జోసెఫ్ లిస్టర్ 1827 ఏప్రిల్ 5వ తేదీన ఇంగ్లండులో, లండను నగరానికి తూర్పున ఉన్న అప్టన్ అనే ఊరిలో జన్మించారు. తండ్రి జోసెఫ్ జాక్సన్ లిస్టర్ ద్రాక్షసారా వర్తకుడు. వ్యాపారం అయిపోయాక రాత్రిపూట కూర్చుని సూక్ష్మదర్శిని కటకాలను బాగుచేసేవారు. అప్పటి సూక్ష్మదర్శినిలో చూస్తే వస్తువు చుట్టూ రంగులు కమ్మి మసకగా కనిపించేది. ఆ లోపాన్ని సరిదిద్దినందుకు ఆయనను రాయల్ సొసైటీ సభ్యునిగా ఎన్నుకున్నారు. ఇంట్లోనే అంత మంచి సూక్ష్మదర్శిని ఉండటంతో, కంటికి కనిపించని వస్తువులు ఉంటాయనే సంగతి లిస్టర్‌కు చిన్ననాడే తెలుసు. ఇది తరువాత ఎంత పనికి వచ్చిందో చూస్తారు.

లిస్టర్ కుటుంబం క్వేకర్లనే క్రైస్తవ శాఖకు చెందినది. ఆడంబరం లేని బట్టలు, మితభాషణ వారి పద్ధతి. ఆ రోజుల్లో ఆక్స్‌ఫర్డ్, కేంబ్రిడ్జి విశ్వవిద్యాలయాలు తమ మతశాఖకు చెందని వారికి పట్టాలు ఇచ్చేవి కావు. పుట్టిన ఇల్లు చూసి చదువుల తలుపు మూయడం మన దేశంలోనే కాదు, అక్కడా ఉన్నదన్నమాట. కాబట్టి ఆయన అన్ని మతాల వారినీ చేర్చుకునే లండను యూనివర్సిటీ కాలేజీలో చేరారు. మధ్యలో అన్న చనిపోవడం, తనకు మశూచి రావడం, మనసు బాగా కుంగిపోవడంతో కొంతకాలం చదువు ఆగింది. మళ్లీ వచ్చి 1852లో వైద్యపట్టా పుచ్చుకున్నారు. పరీక్షల ముందు దిగులుపడే తమ్ముళ్లు ఈ వాక్యం రెండోసారి చదువుకోండి.

1853లో స్కాట్లండులోని ఎడిన్‌బరోకు వెళ్లి జేమ్స్ సైమ్ అనే పేరుమోసిన సర్జను దగ్గర పనిలో చేరారు. మూడేళ్లకు సైమ్ గారి కుమార్తె ఆగ్నెస్‌ను వివాహం చేసుకున్నారు. ఆమె ఆయన ప్రయోగాలలో సహాయకురాలు, రాతగత్తె కూడా. కప్ప కాలివేళ్ల మధ్య పలుచని పొరను సూక్ష్మదర్శిని కింద పెట్టి, దెబ్బ తగిలినచోట ఎందుకు ఎర్రబడుతుంది, రక్తం ఎలా నిలిచిపోతుంది అని ఆయన చూస్తూ చెబుతుంటే ఆమె రాసుకునేవారు. వారికి పిల్లలు కలగలేదు. ఇక్కడ మన హైదరాబాదుతో ఒక చిన్న బంధుత్వం ఉంది. ఈ సైమ్ గారి శిష్యుడైన ఎడ్వర్డ్ లారీయే తరువాత హైదరాబాదు వచ్చి, ఆరవ నిజాం ఖర్చుతో 1888, 1889లలో మత్తుమందుపై ప్రసిద్ధమైన క్లోరోఫారం కమిషన్లు నడిపించారు.

1860లో లిస్టర్ గ్లాస్గో విశ్వవిద్యాలయంలో ఆచార్యులయ్యారు. మరుసటి సంవత్సరం అక్కడి రాయల్ ఇన్‌ఫర్మరీ ఆసుపత్రిలో వార్డులు ఆయన చేతికి వచ్చాయి. అప్పటి ఆసుపత్రి ఎలా ఉండేదో తెలిస్తే ఒళ్లు జలదరిస్తుంది. మత్తుమందు 1846లోనే వచ్చింది కాబట్టి రోగికి కోత నొప్పి తెలియదు. కానీ కోసిన తరువాత పుండు కుళ్లేది. చర్మం ఎర్రగా నిప్పులా పాకే ఎరిసిపెలస్, కండ కుళ్లి నల్లబడే గ్యాంగ్రీన్, రక్తంలో చీము విషం పాకే పయీమియా వార్డు వార్డునే ఊడ్చేసేవి. డాక్టర్లు రక్తం ఎండి అట్టకట్టిన పాత కోటు వేసుకునే ఆపరేషను చేసేవారు. కోటు ఎంత మురికిగా ఉంటే అంత అనుభవం అని లెక్క. ఒకరి పుండు కడిగిన గుడ్డే ఇంకొకరికి. చీము పడితే మంచి చీమేనని సంతోషించేవారు కూడా. ఇదంతా చదువుతున్నప్పుడు మేము ఒకరి ముఖం ఒకరు చూసుకున్నాము. ఎవరిదో తువ్వాలు మాకూ గుర్తుకు వచ్చింది.

చెడుగాలి వలన పుండ్లు కుళ్లుతాయని అప్పటి వారి నమ్మకం. కిటికీలు తెరిచేవారు, మంచాలు దూరం జరిపేవారు. అయినా చావులు తగ్గలేదు. లిస్టర్ వార్డు పక్కనే, గోడకు కొద్ది అడుగుల దూరంలో, 1849 కలరాలో చనిపోయిన వారిని పూడ్చిన గోతులు ఉండేవి. ఆయన మాత్రం ఒక చిన్న విషయం పట్టుకున్నారు. ఎముక విరిగినా చర్మం చీలకపోతే లోపల చీము పట్టదు. అదే ఎముక చర్మాన్ని చీల్చుకుని బయటికి వస్తే కుళ్లు మొదలవుతుంది, కాలు తీసేయాలి, లేదా మనిషే పోతాడు. తేడా అంతా చర్మంలోనే ఉంది. అంటే చర్మం ఏదో ఒకదాన్ని లోపలికి రానివ్వకుండా ఆపుతున్నది. మరి ఏమిటది?

ఆ సమయంలో రసాయనశాస్త్ర ఆచార్యులు థామస్ ఆండర్సన్, ఫ్రాన్సులోని లూయీ పాశ్చర్ రాసిన వ్యాసాలు చదవమని ఆయనకు చెప్పారు. పాలు పులిసినా, మాంసం కుళ్లినా కంటికి కనిపించని సూక్ష్మజీవులే కారణమని పాశ్చర్ నిరూపించారు. సూక్ష్మదర్శినితో పెరిగిన లిస్టర్‌కు ఇది నమ్మడం కష్టం కాలేదు. పుండు కూడా అలాగే కుళ్లుతున్నదని ఆయనకు తట్టింది. పాశ్చర్ ద్రవాలను మరిగించి క్రిములను చంపారు. మనిషిని మరిగించలేము కదా! కార్లైల్ అనే పట్టణంలో మురుగునీటి కంపు పోవడానికి బొగ్గుతారు నుండి తీసే కార్బాలిక్ ఆమ్లం చల్లుతున్నారని, ఆ నీరు పారిన పొలాల్లో మేసే పశువుల జబ్బులూ తగ్గాయని ఆయన విన్నారు. మన తాతలు వాడిన ఎర్ర లైఫ్‌బాయ్ సబ్బుకు ఉండే ఘాటు వాసన ఈ కార్బాలిక్‌దే.

1865 ఆగస్టు 12వ తేదీన జేమ్స్ గ్రీన్‌లీస్ అనే 11 ఏళ్ల పిల్లవాడిని ఆసుపత్రికి మోసుకొచ్చారు. బండిచక్రం కాలి మీదుగా పోయి ముంగాలి ఎముక విరిగి పుండు పడింది. మామూలుగా ఐతే కాలు తీసేయవలసినదే. లిస్టర్ కార్బాలిక్ ఆమ్లంలో తడిపిన గుడ్డ పుండుపై వేసి, కాలికి బద్దలు కట్టించారు. నాలుగు రోజులు ఎవరూ విప్పలేదు. నాలుగో రోజు కట్టు విప్పేటప్పుడు ఆయన గుండె ఎలా కొట్టుకుందో మేము ఊహించుకోగలము, ఎందుకంటే మా తమ్ముడి కట్టు మొదటిసారి విప్పినప్పుడు మేము పక్కనే ఉన్నాము. చీము లేదు, కుళ్లు వాసన లేదు. ఆరు వారాలకు ఎముక అతుక్కుంది. ఆ పిల్లవాడు సొంత కాళ్లపై నిలబడ్డాడు. మన ఆరవ తరగతి తమ్ముళ్ల వయసు వాడు!

1867లో ఇటువంటి 11 మంది వివరాలను లాన్సెట్ అనే వైద్యపత్రికలో వరుసగా రాశారు. 9 మంది పూర్తిగా కోలుకున్నారు, ఒకరికి కాలు పోయింది, ఒకరు చనిపోయారు. పోయిన వారిని కూడా దాచకుండా రాశారు. ఆ వ్యాసంలోనే సెగ్గడ్డ కోయడం గురించి కూడా ఉంది. ముందుగా కార్బాలిక్ కలిపిన నూనెలో గుడ్డ తడిపి గడ్డపై పరచాలి. కత్తిని అదే నూనెలో ముంచాలి. గుడ్డ అంచు కాస్త ఎత్తి, కోత పెట్టిన వెంటనే గుడ్డను పరదాలాగా దించాలి. చీము దాని కింద నుంచి కారిపోతుంది, బయటిది మాత్రం లోపలికి పోదు. సెగ్గడ్డ కోయడానికి ఒక మనిషి ఇంత ఆలోచించాడు! మేము పిన్నీసును కనీసం మంటలో కూడా పెట్టలేదు.

అంకెలు కూడా చూడండి. అంతకు ముందు ఆయన వార్డులో కాలు చేయి తీసేసిన 35 మందిలో 16 మంది చనిపోయారు. కొత్త పద్ధతి వచ్చాక 40 మందిలో 6 మంది. 1867లో సొంత అక్క ఇసబెల్లాకు రొమ్ము క్యాన్సరు వచ్చింది. ఆపరేషను చేయడానికి ఇతరులు ముందుకు రాకపోతే, గ్లాస్గోలోని తన ఇంట్లోనే ఆయనే చేశారు. పుండు కుళ్లకుండా మానింది. ఆమె మరో మూడేళ్లు బ్రతికారు. అయినవారి మీద కత్తి పెట్టాలంటే తన పద్ధతి మీద ఎంత నమ్మకం ఉండాలో!

1869లో ఆయన మళ్లీ ఎడిన్‌బరో చేరారు. అక్కడ విలియం హెన్లీ అనే యువకుడు ఆయన దగ్గరికి వచ్చాడు. క్షయ వలన ఒక కాలు అప్పటికే పోయింది, రెండోది కూడా తీసేయాలని వేరేచోట చెప్పారు. లిస్టర్ సుమారు 20 నెలలు ఆసుపత్రిలో ఉంచి ఆ కాలును నిలబెట్టారు. ఇంగ్లీషు సారు చెప్పిన 'ఇన్విక్టస్' పద్యం రాసినది ఈ హెన్లీయే. 1871 సెప్టెంబరులో విక్టోరియా మహారాణికే చంకలో పెద్ద గడ్డ లేచింది. బాల్మోరల్ కోటకు వెళ్లి లిస్టర్ దాన్ని కోశారు. లోపల చీము నిలిచిపోతుంటే, కార్బాలిక్ తుంపర చల్లే యంత్రానికి ఉన్న రబ్బరు గొట్టం ముక్క కోసి, రాత్రంతా కార్బాలిక్‌లో నానబెట్టి గాయంలో పెట్టారు. చీము బయటికి వచ్చేసింది. మహారాణికైనా హాస్టలు పిల్లవాడికైనా చీము చీమే. మా తమ్ముడి గాయంలో కూడా అలాగే ఒక చిన్న రబ్బరు ముక్క పెట్టారు.

ఆ చీములో ఉండే జీవి ఎవరో లిస్టర్‌కు అప్పటికి తెలియదు. ఆయన పద్ధతిని అనుసరించిన అబర్డీన్ సర్జను అలెగ్జాండర్ ఆగ్‌స్టన్ 1880లో గడ్డల చీమును సూక్ష్మదర్శినితో చూసి, ద్రాక్షగుత్తుల్లాగా ఉన్న గుండ్రని క్రిములను కనుగొన్నారు. గుత్తి అనే అర్థం వచ్చే గ్రీకు మాటతో 1882లో వాటికి స్టెఫిలోకోకస్ అని పేరుపెట్టారు. మన సెగ్గడ్డలకు ముఖ్య కారణం అదే. దాని చుట్టం స్ట్రెప్టోకోకస్ ఎరిసిపెలస్‌ను తెస్తుంది. ఇవి చాలామంది చర్మంపైనా, ముక్కులోనా ఊరకే కూర్చుని ఉంటాయట. చర్మానికి గీత పడేదాకా ఏమీ చేయవు. గోకినప్పుడో, పిన్నీసుతో పొడిచినప్పుడో తలుపు తెరిచినట్టే. గడ్డను నొక్కితే చీము బయటికే కాదు, లోపలికి కూడా పాకుతుందని డాక్టరమ్మ గారు చెప్పారు. 1928లో అలెగ్జాండర్ ఫ్లెమింగ్ పళ్లెంలో పెన్సిలిన్ బూజు చంపినది కూడా ఈ స్టెఫిలోకోకస్‌నే.

ఇక సెలైను కథ. దీనిని మొదట వాడినది లిస్టర్ కాదు. ఆయన ఐదేళ్ల పిల్లవాడిగా ఉన్న 1832లో, ఎడిన్‌బరో పక్కన లీత్ రేవులో థామస్ లాటా అనే డాక్టరు, కలరాతో చావుకు దగ్గరైన ముసలమ్మకు ఉప్పునీళ్లు నరం ద్వారా ఎక్కించారు. ముడుచుకుపోయిన ముఖం మళ్లీ తేటబడింది. కానీ విరేచనాలు తిరగబెట్టి కొన్ని గంటల్లోనే ఆమె చనిపోయింది. తరువాత కొందరు బ్రతికారు. మరుసటి సంవత్సరం లాటా కూడా చనిపోయారు. ఆ పద్ధతి చాలాకాలం మూలన పడిపోయింది. పడిపోవడానికి ఒక కారణం మనకు ఇప్పుడు సులువుగా అర్థమవుతుంది. శుద్ధి చేయని నీరు, శుద్ధి చేయని గొట్టం నేరుగా రక్తంలోకి పోతే, ప్రాణం పోసే నీరే క్రిములను మోసుకుపోతుంది. క్రిములు లేని సీసా, క్రిములు లేని సూది ఉండాలన్న ఆలోచన లిస్టర్, పాశ్చర్ల వలన నిలబడ్డాకే సెలైనును ధైర్యంగా ఎక్కించగలిగారు. లండనులో సిడ్నీ రింగర్ 1880లలో ఉప్పుతో పాటు పొటాషియం, కాల్షియం ఎంత ఉండాలో తేల్చారు. 1930లలో అమెరికాలో హార్ట్‌మన్ అనే పిల్లల డాక్టరు అందులో లాక్టేటు కలిపారు. సీసాపై ఆర్.ఎల్. అని ఉండేది అదే.

మా తమ్ముడికి అది ఎందుకు అవసరమైందంటే, క్రిముల విషం రక్తంలో చేరినప్పుడు రక్తనాళాలు సడలి, వాటిలోని నీరు బయటికి ఊరిపోతుంది. దానికి తోడు జ్వరం, వాంతులు, మత్తు ఇవ్వాలి కాబట్టి ఖాళీ కడుపు. బీ.పీ. పడిపోతుంది, మూత్రం తగ్గుతుంది. ఆ లోటును సెలైను పూడుస్తుంది, మందును కూడా అదే దారిన పంపవచ్చు. ఎక్కువైతే ఊపిరితిత్తుల్లో నీరు చేరుతుంది కాబట్టి కొలిచి ఇస్తారు. మన ఊళ్లలో నీరసం అంటే చాలు, గ్లూకోజు సీసా పెట్టమని డాక్టరును బలవంతం చేస్తారు. అర లీటరు గ్లూకోజు సీసాలో ఉండేది 25 గ్రాముల గ్లూకోజు, అంటే ఐదారు చెంచాల చక్కెర. దానికోసం చర్మానికి రంధ్రం ఎందుకు? మా ఇళ్లలో ఇది చెబితే ఇంకా ఎవరూ నమ్మడం లేదు.

లిస్టర్ మాటను కూడా వెంటనే నమ్మలేదు. కనిపించని పురుగులేమిటని పెద్ద పెద్ద డాక్టర్లే నవ్వారు. జర్మనీ వారు ముందుగా నేర్చుకున్నారు. సొంత దేశపు రాజధాని లండనులో మాత్రం 1877లో ఆయన కింగ్స్ కాలేజీకి వచ్చినప్పుడు పాఠానికి విద్యార్థులు పెద్దగా రాలేదు. ఆ అక్టోబరులో విరిగిన మోకాలి చిప్పను కోసి, వెండి తీగతో కుట్టి, చీము పట్టకుండా నయం చేసి చూపించారు. అప్పటి నుంచి గొంతులు మారాయి. 1883లో బారొనెట్, 1897లో ప్రభువు బిరుదు, 1895 నుండి 1900 వరకు రాయల్ సొసైటీ అధ్యక్ష పదవి వచ్చాయి. లిస్టరిన్ అనే పుక్కిలింత మందుకు ఆయన పేరు పెట్టారు గాని, దానితో ఆయనకు ఏ సంబంధమూ లేదు.

మాకు అన్నిటికంటే నచ్చినది 1890 నాటి సంగతి. గాలిలో క్రిములు ఉంటాయని ఆయన ఏళ్ల తరబడి ఆపరేషను గదిలో కార్బాలిక్ తుంపర చల్లించారు. డాక్టర్ల చేతులు పగిలాయి, దగ్గు వచ్చింది. చివరకు గాలి కంటే చేతులు, పనిముట్లు, గుడ్డలే అసలు దారి అని తేలింది. బెర్లిన్‌లో ప్రపంచ వైద్యుల సభ ముందు నిలబడి, తుంపర అనవసరమని, దానిని వాడమని చెప్పినందుకు సిగ్గుపడుతున్నానని ఆయనే ఒప్పుకున్నారు. అప్పటికే ప్రపంచమంతా పేరు వచ్చిన మనిషి! మేమైతే ఆసుపత్రిలో మొదటి రోజు గడ్డ దానంతట అదే పగిలిందని అబద్ధం చెప్పాము. రెండో రోజు రాత్రి డాక్టరమ్మ గారికి, తెల్లవారి వార్డెను గారికి పిన్నీసు సంగతి చెప్పాము. వార్డెను గారు తిట్టలేదు. అది ఇంకా కష్టంగా అనిపించింది.

1893లో ఇటలీ ప్రయాణంలో ఆగ్నెస్ న్యుమోనియాతో చనిపోయారు. ఆ తరువాత లిస్టర్ ఉత్సాహం తగ్గిపోయింది. 1912 ఫిబ్రవరి 10వ తేదీన సముద్రతీరాన వాల్మర్ అనే ఊరిలో కన్నుమూశారు. రాజులను, మహాకవులను పూడ్చే వెస్ట్‌మినిస్టర్ అబ్బేలో ప్రార్థనలు జరిగాయి. కానీ ఆయన కోరిక ప్రకారం లండనులోని హాంప్‌స్టెడ్ శ్మశానంలో భార్య పక్కనే ఖననం చేశారు.

మా తమ్ముడు ఇప్పుడు ఎనిమిదవ తరగతి. మోకాలి కింద రూపాయి బిళ్లంత మచ్చ ఉంది, కబడ్డీలో కూతకు మళ్లీ పోతున్నాడు. ఈ వ్యాసం అచ్చుకు ఇచ్చే ముందు వాడికే మొదట చదివి వినిపించాము. పిన్నీసు పొడిచినది ఎవరో పేరు రాయండన్నా అని పట్టుబట్టాడు. కాళ్లు పట్టుకున్నది, నోరు మూసినది, తువ్వాలు ఇచ్చినది అందరమూ కాబట్టి, మేము అనే రాశాము.